ఆరాక చూడండి

గోడవైపు తిప్పి పెట్టిన బొమ్మను ఆ బుధవారం పొద్దున ఇటు తిప్పేసరికి, అందులో ఉండాల్సిన మనిషి లేడు.

కుర్చీ ఉంది. కుర్చీ వెనక బూడిదరంగు గోడ ఉంది. ఎడమ పక్కన కిటికీ, అందులోంచి నేల మీదికి పరుచుకున్న వెలుతురు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పదకొండు ఆదివారాలు ఆ కుర్చీలో కూర్చున్న అన్నయ్య మాత్రం లేడు. ఎవరూ చింపలేదు, గీకలేదు, కోపంతో నల్లరంగు పులమలేదు. ఇప్పుడే వస్తానని లేచి వెళ్ళిన మనిషిలా ఆయన అందులోంచి నిమ్మళంగా మాయమయ్యాడు.

చిట్టి వేరే బొమ్మ తిప్పానేమోనని గోడకి ఆనించి ఉన్న మిగతా మూడింటినీ గబగబా తిప్పి చూసింది. ఒకదాంట్లో ఇస్త్రీ చేసిన దుప్పట్లు, ఒకదాంట్లో వంటింటి కిటికీ, మూడోది సగంలో వదిలేసిన బస్సు స్టాపు. మళ్ళీ మొదటిదాని దగ్గరికొచ్చి వెనకవైపు చూసింది. చెక్క మీద తన చేత్తో రాసుకున్న తేదీ ఉంది. బొమ్మ అదే. నేల మీద కూలబడింది. ఎదురుగా, అన్నయ్య కూర్చున్న అసలు కుర్చీ కూడా ఖాళీగా ఉంది.

చిట్టి అంటే చిన్నపిల్ల కాదు. యాభై రెండేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలేసుకుని బతుకుతున్న మనిషి. అన్నయ్య పెట్టిన ముద్దుపేరు ఇంటిల్లిపాది నోళ్ళలో పడి అలాగే నిలిచిపోయింది. పొద్దున పదకొండు దాకా మేడ మీది గదిలో తన సొంత బొమ్మలు. ఆ తర్వాత కింద బల్ల ముందు కూర్చుని పాఠ్యపుస్తకాల వాళ్ళ కోసం ఊపిరితిత్తులు, పువ్వు నిలువుకోత, కప్ప పేగులు. "మా చెల్లి పొద్దున కళ, మధ్యాహ్నం కప్ప" అని అన్నయ్య తన దర్జీ కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. వాళ్ళు నవ్వేవరకూ కొలత తీసుకునేవాడు కాదు.

సొంత బొమ్మల కోసం ఆవిడ ఎక్కడెక్కడికో వెళ్ళి వెతుక్కునేది కాదు. మడతపెట్టిన దుప్పట్లు, బస్సు కోసం నిలబడి కాళ్ళు మార్చుకునే జనం, గిన్నెలు కడిగాక సింకు అంచున నిలిచే నీళ్ళు. ఇవి చాలు ఆవిడకి. గుడ్డ ఎక్కడ విరుగుతుందో, బరువు ఎక్కడ వేలాడుతుందో చిన్నప్పుడు అన్నయ్య కత్తెర పక్కన కూర్చుని చూసింది. అమ్మానాన్నలు పోయాక పెంచినవాడు ఆయనే, చదివించినవాడు ఆయనే, డ్రాయింగ్ మాస్టారి కన్నా ముందు చూడ్డం నేర్పినవాడూ ఆయనే.

అలాంటి అన్నయ్యకి కళ్ళు తెరిచి ఉన్న ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. కెమెరా ఎదుట పడితే చాలు, రెప్పలు వాలిపోయేవి. పెళ్ళి ఫొటోలో నిద్రపోతున్న పెళ్ళికొడుకు, గుర్తింపు కార్డులో నిద్రపోతున్న పౌరుడు. "నేను కాపురం చేసింది మెలకువగా ఉన్న మనిషితోనే అంటే ఎవరూ నమ్మరు" అని వదిన ముప్ఫై అయిదేళ్ళుగా వేళాకోళం చేస్తోంది. ఆ వేళాకోళమే పట్టుకుని చిట్టి ఈ ఏడాది ఆయన్ని కూర్చోబెట్టింది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వచ్చేవాడు. మధ్యాహ్నం దాకా కదలకుండా, నోరు మాత్రం కట్టేసుకోకుండా కూర్చునేవాడు. పదకొండో ఆదివారానికి కళ్ళు కుదిరాయి. లేచి వచ్చి బొమ్మ ముందు నిలబడి, "నేనిలా చూస్తానా?" అన్నాడు. ఇంటికెళ్ళి, చూస్తే నీకు నోట మాట రాదని వదినని ఊరించాడట.

ఆ సాయంత్రం చిట్టి బొమ్మను గోడకి తిప్పింది. అది ఆవిడ పని పద్ధతి. ఏ బొమ్మ అయినా అయిపోయిందనిపించగానే పదిహేను రోజులు మొహం కనపడకుండా పెట్టేస్తుంది. తర్వాత ఒక పొద్దున హఠాత్తుగా తిప్పి, పరాయివాళ్ళ బొమ్మ చూసినట్టు చూస్తుంది. తప్పులు అప్పుడే దొరుకుతాయి. ఇంట్లో అందరికీ తెలుసు, తిప్పి పెట్టిన బొమ్మ జోలికి ఎవరూ పోకూడదని.

నాలుగు రోజులు తిరిగాయో లేదో, గురువారం నాడు అన్నయ్య కొట్లో, మెడలో టేపు అలాగే ఉండగా, మిషను మీదికి ఒరిగిపోయాడు. గుండె. చిట్టి అటునుంచటే వదిన దగ్గరికి వెళ్ళి ఇరవై రోజులు ఉండిపోయింది. ఆ ఇరవై రోజుల్లో వదిన ఆవిడని కోరింది ఒక్కటే. ఆ బొమ్మ చూడాలి. ఆదివారం నాలుగింటికి వస్తాను, ఈలోగా నువ్వు దిద్దుకునేది ఏదైనా ఉంటే దిద్దుకో, అంది.

ఆదివారానికి ఇంక నాలుగు రోజులు. లోకంలో అన్నయ్య కళ్ళు తెరిచి ఉన్న చోటు ఒక్కటే ఉండేది. అది కాస్తా పోయింది.

చిట్టి ఏడవలేదు. ముందు లెక్కలు వేసింది. గది తాళంచెవి మెట్ల కింద మేకుకి వేలాడుతుంది. దాని సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. తను, తన భర్త, ఫ్రేములు కట్టే బాబాయి. తనేమో ఊళ్ళో లేదు. భర్త బొమ్మ కోసం కుంచె పట్టక ఇరవై ఆరేళ్ళు దాటింది, ఈ గది గుమ్మం దాటి లోపలికి రాక కూడా దాదాపు అంతే అయింది. ఇక మిగిలింది బాబాయి. బాబాయికి ఒక పాత చరిత్ర ఉంది. ఒకసారి ఎవరిదో పొలాల బొమ్మ ఫ్రేముకొస్తే, కరెంటు స్తంభం చూపుకి అడ్డంగా ఉందని దాన్ని చెరిపేసి, ఆ చోట రెండు పిట్టల్ని ఎగరేసిన ఘనుడాయన.

చెప్పులు సరిగ్గా వేసుకుందో లేదో చూసుకోకుండా చిట్టి ఫ్రేముల కొట్టుకి నడిచింది.

బాబాయి చెక్కను నలభై అయిదు డిగ్రీలకి కోస్తున్నాడు. రంపపు పొట్టు కనుబొమల మీద కూడా ఉంది. ఈ మధ్య మా ఇంటికొచ్చావా అని అడిగితే, రాకేం, రెండు వారాల కిందట కొలతలు తీసుకోవడానికి వచ్చానని చెప్పాడు. పగలు పదకొండప్పుడు వచ్చానని, మీ ఆయనే చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీశారని, బొమ్మ గోడకి తిప్పి ఉంటే వెనక నుంచే కొలుచుకుని పోయానని అన్నాడు.

"తిప్పి చూడలేదా?"

"నువ్వు తిప్పి పెట్టినదాన్ని నేనెందుకు చూస్తానమ్మా? కొలత కావాలి గానీ మొహం నాకెందుకు?"

"స్తంభం సంగతి నేను మర్చిపోలేదు, బాబాయ్."

బాబాయి రంపం కింద పెట్టాడు. "ఆ స్తంభం నన్ను చచ్చేదాకా వదిలేట్టు లేదు. అసలేమైందో చెప్పు."

చెప్పింది. ఆయన మొహంలో వేళాకోళం ఎగిరిపోయింది. కొట్టు పక్కవాడికి అప్పగించి, కళ్ళద్దాల పెట్టె జేబులో వేసుకుని ఆవిడ వెంట వచ్చాడు.

గదిలో బాబాయి బొమ్మను కిటికీ దగ్గరికి తెచ్చి, అటూ ఇటూ వంచి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు పట్టుకున్నాడు. వాసన చూశాడు. గోరు చివరతో మూల మీద తాకాడు. తర్వాత పెద్దాసుపత్రి డాక్టరులా తల పంకించి, ఇది పైపైన పూసిన పని కాదని చెప్పాడు. త్వరగా ఆరడానికి రంగులో మందు కూడా కలిపారట. పై పొర ఆరింది గానీ, కింద మనిషి ఉన్నా ఆయన రంగు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. టర్పెంటైను పెట్టి తుడిస్తే పైదీ కిందదీ కలిసి ఊడొస్తాయి. ఆయన్ని బయటికి తీద్దామని చెయ్యి పెడితే ఉన్నది కూడా పోతుంది.

"అయితే ఎవరు చేసుంటారు?"

"అదే చూస్తున్నా. ఇదిగో, ఈ గోడ నువ్వు వేసింది. ఇది వాడు వేసింది. అతుకు ఎక్కడుందో చూపించు."

చిట్టి ముక్కు తాకేంత దగ్గరగా చూసింది. అతుకు దొరకలేదు.

"ఆ దుప్పట్ల బొమ్మలో మూల దిద్దావు, జ్ఞాపకముందా? దిద్దిన రోజు కలిసిపోయింది. నెల తిరిగేసరికి మచ్చలా తేలింది. ఎందుకంటే నువ్వు తడిగా ఉన్నప్పుడు చూసి కలిపావు. ఆరాక రంగు ఒక మెట్టు దిగుతుంది. బొమ్మలేసేవాళ్ళందరూ అంతే, తడి చూసి కలుపుతారు. వీడు అలా కలపలేదు. ఆరాక ఎక్కడికి దిగుతుందో ముందే అంచనా కట్టి, అంత పైన కలిపాడు. ఇది కుంచె పట్టేవాడి లెక్క కాదమ్మా. రోజుకి ఇరవై డబ్బాలు కలిపేవాడి..."

అక్కడ ఆగిపోయాడు. నాలిక కరుచుకున్నాడు. కొట్టు వదిలేసి వచ్చానని ఏదో గొణుగుతూ, కళ్ళద్దాల పెట్టె స్టూలు మీదే మర్చిపోయి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

చిట్టి భర్త పనిచేసే పెయింట్ల దుకాణం నాలుగు వీధుల అవతల. ఆవిడ లోపలికి వెళ్ళలేదు. ఎదురుగా బస్సు స్టాపులో, జనం మధ్య నిలబడింది. అద్దాల వెనక ఆయన కనిపిస్తున్నాడు. రంగుల మరకల ఏప్రను, చెవి మీద పెన్సిలు. దుకాణంలో ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. ఆ సమయానికి ఒక కొనుగోలుదారు తన ఇంటి గోడ నుంచి రాలిన పెచ్చు ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు. అచ్చం ఇదే రంగు కావాలి. మాస్టారు ఆ పెచ్చును ఒకసారి వెలుతుర్లో చూశాడు, ఒకసారి నీడలో చూశాడు. డబ్బాలో నల్లది ఒక చుక్క, పసుపు రెండు చుక్కలు, ఎరుపు పుల్ల కొనతో ఒక్క తాకుడు. కలిపి అట్టముక్క మీద గీశాడు. వచ్చినతను పెదవి విరిచాడు. మాస్టారు నోటి కదలికని బట్టి ఆయన ఏమన్నాడో రోడ్డుకి ఇవతల నుంచే చిట్టికి తెలిసిపోయింది. రోజూ ఇరవైసార్లు అనే మాటే.

ఆరాక చూడండి.

చిన్న ఫ్యాను ముందు అట్టముక్క పెట్టాడు. అయిదు నిమిషాల తర్వాత పెచ్చుని దాని మీద పెడితే, పెచ్చు ఎక్కడుందో అతను వేలితో తడుముకోవాల్సొచ్చింది. ఈ గారడీ చిట్టి ఎన్నోసార్లు చూసి మురిసిపోయింది. ఇవాళ ఆవిడ అద్దాల మీంచి చూపు తిప్పుకుంది. బస్సు వచ్చి, జనమంతా ఎక్కి, స్టాపులో తను ఒక్కతే మిగిలాక ఇంటిదారి పట్టింది.

నడుస్తుంటే, ఇరవై ఆరేళ్ళుగా మడతపెట్టి దాచిన గుడ్డ ఒక్కొక్క మడతే విప్పుకున్నట్టయింది.

తనూ భర్తా ఒకే డ్రాయింగ్ మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకున్నారు. ఇద్దరిలో మంచి చెయ్యి ఆయనదే. మాస్టారు దాపరికం లేకుండా చెప్పేవాడు: "అమ్మాయ్, నువ్వు కష్టపడి వేస్తావు. వాడు ఊరికే వేస్తాడు." పెళ్ళి మాటలప్పుడు అన్నయ్య ఒకే ఒక్క షరతు పెట్టాడు. రెండు కుంచెల మీద ఒక ఇల్లు నడవదు, ఇద్దరిలో ఒకరు నెలజీతం చెయ్యాలి. ఎవరో మీరే తేల్చుకోండి. తేల్చుకోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. నేను చేస్తాలెండి బావా, ఒక రెండేళ్ళు, అన్నాడు ఆయన. ఆ రెండేళ్ళు ఎప్పుడు పూర్తయ్యాయో ఇంట్లో ఎవరూ గమనించలేదు. గమనించి ఉంటే చిట్టే గమనించాలి. గమనించలేదు.

ఇంకోటి కూడా గుర్తుకొచ్చింది. పెళ్ళయిన మూడో ఏడు. ఆవిడ కింద టీ పెడుతుంటే ఆయన పైకొచ్చి, తడి ఆరని బొమ్మలో ఒకచోట ఒక గీత వేశాడు. గీత బాగుంది. బాగుండబట్టే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా బొమ్మ మీద చెయ్యి పెట్టొద్దు. అంతగా ఉంటే మీది మీరు వేసుకోండి" అంది. ఎప్పుడు వేసుకుంటాడు, ఎక్కడ వేసుకుంటాడు అన్నది ఆలోచించి అన్న మాట కాదది. ఆ రోజు నుంచి ఆయన ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. టీ గుమ్మంలోనే చేతులు మారేది. సాయంత్రం దుకాణం నుంచి రాగానే ఆవిడ వాడి గుమ్మంలో పెట్టిన కుంచెలన్నీ పట్టుకెళ్ళి, సబ్బుతో కడిగి, వెంట్రుకలు వేళ్ళతో సాపు చేసి, ఆరబెట్టేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన చేతికి కుంచె తగిలింది ఆ సింకు దగ్గరే. మా ఆయన బంగారం, నా కుంచెలు కూడా కడుగుతాడు అని ఆవిడ నలుగురిలో చెప్పుకునేది. ఇప్పుడా మాట తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే ఆయన ఏం చెప్తాడోనని భయం. ఆ చెప్పేది ఈ ఒక్క బొమ్మతో ఆగదని ఇంకా పెద్ద భయం. ఆయనే చెప్తాడని ఎదురుచూసింది.

గురువారం బాబాయి మాట కాదని, బొమ్మలో మోకాలు ఉండాల్సిన చోట టర్పెంటైనులో ముంచిన గుడ్డ పెట్టి చూసింది. బూడిదరంగు వచ్చింది. దానితోపాటే ప్యాంటు నీలం కూడా వచ్చింది. రెండూ కలిసి గుడ్డకి బురదలా అంటుకున్నాయి. వెంటనే చెయ్యి తీసేసింది.

శుక్రవారం పాఠ్యపుస్తకాల వాళ్ళు కప్ప ఏమైందని ఫోను చేశారు. సోమవారం ఇస్తానని చెప్పి, పెన్సిలు పట్టుకుని అన్నయ్య మొహం జ్ఞాపకం మీద గీయడానికి కూర్చుంది. చెవులు వచ్చాయి. గడ్డం వచ్చింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ముడుచుకునే పెదవులు కూడా వచ్చాయి. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి, ఫొటోల్లోలాగే, మూసుకుపోయాయి. పదకొండు కాగితాలు పాడయ్యాయి. పన్నెండోది మొదలుపెట్టలేదు.

శనివారం పొద్దున ఆ ఖాళీ కుర్చీ బొమ్మనే ఎదురుగా పెట్టుకుని, పరాయివాళ్ళది చూసినట్టు చూసింది. అప్పుడు పట్టుకుంది తన తప్పు. ఆదివారాల్లో పొద్దున మొహం వేసేది, మధ్యాహ్నానికి గోడ దగ్గరికొచ్చేది. అందుకని మొహం మీద పొద్దుటి ఎండ, గోడ మీద నీడేమో మధ్యాహ్నానిది. పదకొండు వారాలు అది తన కంటపడలేదు. ఇప్పుడు ఈ బొమ్మలో ఎండ ఒక్కటే ఉంది. నేల మీద, కుర్చీ చేతి మీద, గోడ మీద, ఒకే పూట ఎండ. కుర్చీలోంచి ఎవరో ఇప్పుడే లేచినంత నిజంగా ఉంది. తను ముప్ఫై ఏళ్ళుగా వేసిన ఏ బొమ్మలోనూ వెలుతురు అలా కూర్చోలేదు. అది ఒప్పుకోవడం అన్నయ్య పోయినంత కష్టమైంది.

ఆ సాయంత్రం ఆయన సింకు దగ్గర కుంచెలు కడుగుతుంటే వెళ్ళి పక్కన నిలబడింది.

"నేను లేనన్నాళ్ళూ ఏం చేశారు?"

"ఏముంది. కొట్టు, ఇల్లు."

అప్పటికే శుభ్రంగా ఉన్న కుంచెకి మళ్ళీ సబ్బు పెట్టాడు. ఆవిడ ఇంకో మాట అడుగుతుందని ఆయన, ఆయన ఇంకో మాట చెప్తాడని ఆవిడ, కాసేపు అలా నిలబడ్డారు. తర్వాత కుళాయి కట్టేశాడు.

ఆదివారం నాలుగు కాకముందే వదిన వచ్చింది. మెట్ల మీద రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. గదిలోకి రాగానే బ్యాగులోంచి చేతిరుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకుంది. ఒకసారి పెట్టుకుని చూసి, ఇంకా మసకగా ఉన్నాయని మళ్ళీ తుడుచుకుంది. బొమ్మ స్టాండు మీద ఉంది. చిట్టి దాన్ని దాచెయ్యాలనీ అనుకుంది, వదినకి ముందే ఫోను చెయ్యాలనీ అనుకుంది. ఏదీ చేతకాలేదు. ఆయన గుమ్మంలో టీ పళ్ళెం పట్టుకుని ఆగిపోయాడు.

వదిన బొమ్మ ముందు నిలబడింది. ముందు కళ్ళతో వెతికింది. తర్వాత తలకాయ పక్కకి వంచి, మూలల్లో కూడా వెతికింది.

"ఆయన్నింకా వెయ్యలేదా, చిట్టీ?"

చిట్టి గుమ్మం వైపు చూడకుండా, నేల చూస్తూ, "లేదు వదినా. ఇంకా వెయ్యలేదు" అంది.

వదిన తల ఊపింది. కళ్ళద్దాలు తీసి మడిచి, రుమాలులో చుట్టి, బ్యాగులో పెట్టుకుంది. అదంతా చాలా నెమ్మదిగా చేసింది.

"మరి అయిపోయిందన్నాడే నాతో. కళ్ళు కూడా వచ్చాయన్నాడు." చిన్నగా నవ్వింది. "పోయేముందు కూడా నాతో అబద్ధమాడే పోయాడన్నమాట. పోనీలే. నన్ను సంతోషపెడదామని అని ఉంటాడు."

గుమ్మంలో పళ్ళెం మీద కప్పులు చప్పుడు చేశాయి. ఆయన వంగి పళ్ళెం నేల మీద పెట్టాడు. గుమ్మం దాటి లోపలికొచ్చాడు. చిట్టి వైపు కాదు, వదిన వైపు తిరిగి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"బావ అబద్ధమాడలేదక్కా. బొమ్మ పూర్తయింది. కళ్ళు తెరుచుకుని మరీ ఉన్నాడు. నేనే చెరిపేశాను.

"చెరిపెయ్యాలని పైకి రాలేదు. గోడ మీద నీడ తప్పు పడింది. మొహం మీద పొద్దుటి ఎండ, నీడ మధ్యాహ్నానిది. పదకొండు వారాలూ ఆ గుమ్మంలో టీ పట్టుకుని నిలబడి చూస్తూనే ఉన్నా. ఒక్క మాట అంటే తనే దిద్దుకునేది. ఈ గదిలో నాకు మాట లేదు కదా అని ఊరుకున్నా. అది సాకు. తప్పు అలాగే ఉండిపోతే బాగుండునని ఎక్కడో ఉంది నాకు.

"బావ పోయిన మూడోనాడు ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నా. నీడ ఒక్కటి సరిచేసి మళ్ళీ తిప్పి పెట్టేద్దామనుకున్నా. సరిచేశా. గంట పట్టింది. అప్పుడు భుజం అంచు తేడాగా కనపడింది. భుజం దిద్దితే కాలరు. కాలరు దిద్దితే మెడ. కడగడానికి కాకుండా కుంచె పట్టుకుని ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు కదక్కా. చెయ్యి ఆగలేదు.

"చెయ్యి జారిందని చెప్పి ఊరుకుందామనుకున్నా. చిట్టి వచ్చిన దగ్గర్నించీ అదే కూడబలుక్కుంటున్నా. కానీ చెయ్యి జారితే ఆ గంటలోనే తెలుస్తుంది. నేను కొట్టుకి సెలవు పెట్టి తొమ్మిది రోజులు కూర్చున్నా. ఫ్రేములాయన వస్తే బొమ్మ గోడకి తిప్పి, చేతులు తుడుచుకుని వెళ్ళి తలుపు తీశా. తెలిసే చేశా.

"ఆఖరి ఆదివారం టీ తెచ్చిస్తే బావ నవ్వుతూ అన్నాడు, 'నువ్వు కూడా కుంచె పట్టుకుని కూర్చునుంటే మీ ఇద్దరికీ టీ నేను మోయాల్సొచ్చేది బావా' అని. వేళాకోళమే. నేనూ నవ్వా. నాలుగు రోజులకి మనిషే లేకుండా పోయాడు. 'రెండేళ్ళన్నాం కదా బావా, ఇక నేను మొదలుపెట్టనా' అని అడగడానికి ఎవరూ మిగల్లేదు. అడిగితే వద్దనేవాడు కాదు. మిషను పక్కకి జరిపి, అక్కడే కూర్చుని వేసుకోమనేవాడు. నేనే అడగలేదు. చిట్టి నన్ను అడగలేదని ఇన్నాళ్ళూ లోపల పెట్టుకున్నా. నా నోరు ఎవరు కట్టేశారు?

"మొహం ఆఖర్న తీశా. దాని మీద రంగు వెయ్యలేదు. గుడ్డతో తుడిచేసి, ఆ చోట గోడ వేశా. చిట్టీ, మోకాలి దగ్గర గుడ్డ పెట్టి చూశావు, నేను చూశాను ఆ మచ్చ. ఇంక వెతకొద్దు. కింద కూడా ఆయన లేడు.

"గోడ రంగు ఆరిందాకా ఆగి, అదిగో ఆ స్టూలు మీద కూర్చుని చూసుకున్నా. అతుకు కనపడలేదు. ఏడుపు రావాలి కదక్కా. రాలేదు. బాగా కుదిరిందనిపించింది. కిందికెళ్ళి అన్నం పెట్టుకున్నా. ఎన్నాళ్ళకో ఆకలేసింది. మీ ఇద్దరికీ చెప్పలేక గుటకలు మింగింది చెరిపినందుకు కాదు, ఇందుకు. బావ కళ్ళు తుడిచిన గుడ్డ పక్కన బల్ల మీదే ఉంది. నేను రెండోసారి వడ్డించుకున్నాను."